మొదటి కొండ వేటకు ఏ దేశం? న్యూజిలాండ్, కిర్గిజ్‌స్తాన్, స్పెయిన్: ఒక పోలిక

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, అక్కడి లైసెన్సుతో జింకల వేటకో అడవిపందుల వేటకో వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉన్నారు. కొన్నేళ్ళు చదును నేల మీద వేటాడాక మనసు కొండల మీదికి పోతుంది. అసలు తికమక అక్కడే మొదలవుతుంది. న్యూజిలాండ్‌లో తహర్ అనే అడవిమేక కోసం వెళ్ళాలా, కిర్గిజ్‌స్తాన్‌లో ఐబెక్స్ అనే పొడుగు కొమ్ముల కొండమేక కోసమా, స్పెయిన్ కొండమేక కోసమా? ధరలు చూస్తే ఒకలా ఉంటుంది, ఫొటోలు చూస్తే ఒకలా ఉంటుంది, వెళ్ళొచ్చినవాళ్ళని అడిగితే ఎవరు వెళ్ళిన చోటు వాళ్ళకి గొప్ప.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా కోసం వేటాడటం నేరం, అలా ఉండటమే సరైనది. కింద రాసినదంతా వేటకు చట్టం ఒప్పుకున్న దేశాలకు, అక్కడి అనుమతులతో వెళ్ళేవాళ్ళ కోసం.

నా అభిప్రాయం కూడా ముందే చెప్పేస్తాను. మొదటిసారి కొండ వేటకు వెళ్ళేవాళ్ళకి న్యూజిలాండే మంచిది. కిర్గిజ్‌స్తాన్ రెండోసారికో మూడోసారికో దాచుకోవాల్సిన చోటు. మోకాళ్ళు సహకరించనివాళ్ళకీ, వారం కంటే ఎక్కువ సెలవు దొరకనివాళ్ళకీ స్పెయిన్. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను. కొమ్ముల పొడవు చూసి దేశాన్ని ఎంచుకోవద్దు. మీ ఒళ్ళు ఎంత ఎత్తుని తట్టుకుంటుంది, ఆ కొండ మీద ఆ జంతువు పరిస్థితి ఏమిటి అన్నవి చూసి ఎంచుకోండి.

న్యూజిలాండ్: మన హిమాలయాల జంతువు, వాళ్ళ కొండల సమస్య

తహర్ న్యూజిలాండ్ జంతువు కాదు. హిమాచల్, ఉత్తరాఖండ్, నేపాల్, సిక్కిం కొండల్లో తిరిగే అడవిమేక జాతి అది. 1904లో ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ డ్యూక్ తన మందలోంచి కొన్నిటిని పంపితే మౌంట్ కుక్ దగ్గర వదిలారు. గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే పాలిచ్చే జంతువులే లేని దేశం అది. వేటాడే పులీ లేదు, చిరుతా లేదు. మంచు గీతకు దిగువన పెరిగే గడ్డి దుబ్బులు, అక్కడ తప్ప మరెక్కడా కనిపించని కొండ మొక్కలు తహర్ మందలకి మేతయ్యాయి. 1993లో ప్రభుత్వం ఒక నియంత్రణ ప్రణాళిక తెచ్చి, మొత్తం సంఖ్య 10,000 దాటకూడదని పెట్టింది. ఆ తర్వాత పాతికేళ్ళకు చేసిన లెక్కల్లో ప్రభుత్వ భూముల మీదే దాదాపు 35,000 ఉంటాయని తేలింది. హెలికాప్టర్ల నుంచి కాల్చి తగ్గించాలని అటవీ పరిరక్షణ శాఖ, అలా చేస్తే వేటకు మిగలవని వేటగాళ్ళ సంఘాలు వాదించుకుని 2020లో కోర్టు దాకా వెళ్ళాయి.

ఇదే తహర్ ఇండియాలో చట్టం అత్యంత గట్టిగా కాపాడే జాబితాలో ఉంది. అక్కడేమో సంఖ్య తగ్గించమని ప్రభుత్వమే వేటగాళ్ళని అడుగుతోంది. ఒకే జంతువు గురించి రెండు దేశాలూ చెప్పేది నిజమే. హిమాలయాల్లో దాన్ని చంపితే ఆ కొండకు నష్టం, న్యూజిలాండ్‌లోని సదరన్ ఆల్ప్స్ కొండల్లో దాన్ని చంపకపోతే ఆ కొండకు నష్టం. మొదటి కొండ వేటకు న్యూజిలాండ్ అని నేను గట్టిగా చెప్పడానికి పెద్ద కారణం ఇదే. మీరు కాల్చిన తహర్ వల్ల అక్కడి మొక్కలకి కాస్త ఊపిరి దొరుకుతుంది. ఇక్కడ ఒక్క మాట. వచ్చినవాళ్ళంతా పెద్ద జూలున్న పోతుల్నే కాలుస్తారు. మందలు తగ్గాలంటే తగ్గాల్సింది ఆడవి. మీ పోతు దొరికాక రోజులు మిగిలితే ఆడ తహర్‌ని కూడా వేటాడండి. మాంసం రుచిగా ఉండేది కూడా దానిదే. ఎదకాలంలో ముదురు పోతు మాంసం వాసనొస్తుంది. వయసులో ఉన్న ఆడదానిదైతే మన మేక మాంసం లాగే కుక్కర్లో వండుకోవచ్చు.

ఖర్చులో ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. విదేశీయులు కూడా గైడ్ లేకుండా సొంతంగా వేటాడవచ్చు. వేటకు తెరిచి ఉన్న ప్రభుత్వ భూములకి అటవీ పరిరక్షణ శాఖ అనుమతి ఉచితం. కొండల్లో 900కు పైగా గుడిసెలు ఆ శాఖవే ఉన్నాయి, నామమాత్రపు డబ్బుకే పడుకోవచ్చు. తహర్‌కి వేట సీజన్ అంటూ లేదు, ఏడాదంతా వేటాడవచ్చు. కానీ పోతులకి నిండు జూలు వచ్చి ఎదకు తిరిగేది మే నుంచి జులై దాకా. అది అక్కడి చలికాలం మొదలు. పశ్చిమ తీరం వైపు హెలికాప్టర్ దింపే కొన్ని చోట్లకి ఆ నెలల్లో లాటరీ పద్ధతిలో అవకాశం ఇస్తారు.

ఉచితం అన్న మాట విని మొదటిసారే ఒంటరిగా వెళ్ళాలనుకునేవాళ్ళని మాత్రం గట్టిగా ఆపుతాను. ఆ కొండలు ఎత్తులో పెద్దవి కావు. తహర్ ఎక్కువగా తిరిగేది 2,000 మీటర్ల లోపే, కాబట్టి ఎత్తు వల్ల వచ్చే జబ్బు భయం ఉండదు. ప్రమాదమంతా నదులు, మంచు, వాతావరణం. పొద్దున మోకాలి లోతున్న వాగు సాయంత్రానికి మనిషిని కొట్టుకుపోయేంత ఉరవడితో పారుతుంది. చలికాలంలో మంచు చరియలు విరిగిపడతాయి. ప్రధాన శిఖర శ్రేణికి పడమర వైపు వాన అంతులేకుండా కురుస్తుంది. తూర్పు వైపు, అంటే టెకాపో, రంగిటాటా ప్రాంతాలు, పొడిగా ఉంటాయి. అందుకే మొదటిసారి తూర్పు వైపు, గైడ్‌తో వెళ్ళండి. గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడే "నడిచే వేటాడతాం, హెలికాప్టర్‌తో జంతువుల్ని తరమొద్దు" అని చెప్పేయండి. హెలికాప్టర్ సాయంతో చేసే వేట అక్కడ ఉంది, దాని మీద స్థానిక వేటగాళ్ళలోనే పెద్ద వివాదం ఉంది. నా దృష్టిలో అది కొండ వేట కాదు.

మాంసం తినబోయే ముందు ఇంకోటి చూడాలి. ఎలుకల్ని, పాసమ్‌లనే చెట్లెక్కే జంతువుల్ని చంపడం కోసం కొన్ని లోయల్లో 1080 అనే విషం చల్లుతారు. ఎక్కడెక్కడ చల్లారో ఆ శాఖ జాబితా పెడుతుంది. మీరు వెళ్ళే లోయ అందులో ఉంటే ఆ మాంసం ముట్టుకోకూడదు.

కిర్గిజ్‌స్తాన్: గుర్రం, చలి, పలచని గాలి

తెలుగువాళ్ళకి బిష్కెక్ కొత్త పేరు కాదు. మన పిల్లలు చాలామంది అక్కడ మెడిసిన్ చదువుతున్నారు, ఊళ్ళో ఇండియన్ మెస్సులు కూడా ఉన్నాయి. కానీ బిష్కెక్ 800 మీటర్ల ఎత్తున ఉంటే వేట క్యాంపు 3,000 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, వేట జరిగేది ఇంకా పైన. ఆ తేడాని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు.

ఇక్కడి ఐబెక్స్ తియాన్‌షాన్ పర్వతాల సొంత జంతువు. వెనక్కి వంగిన పొడుగాటి కొమ్ములతో నిలబడిన పోతుని దూరం నుంచి చూసినా సరే ఆ ప్రయాణం గిట్టుబాటైనట్టే అనిపిస్తుంది. మంచు చిరుతకి ప్రధాన ఆహారం కూడా ఇదే. అందుకే ఇక్కడ సంఖ్య, కోటా అన్నవి ప్రాణం లాంటివి. న్యూజిలాండ్‌లో ఎక్కువ కాలిస్తే మేలు, ఇక్కడ కోటా దాటి ఒక్కటి కాల్చినా దొంగవేటే. నిర్వాహకుణ్ణి ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది: అనుమతి ఏ వేట ప్రాంతానిది, ఎవరి పేరు మీద ఉంది, కాపీ ముందే పంపుతారా, ఆ డబ్బులో ఊరివాళ్ళకి ఏమన్నా వెళ్తుందా? ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పనివాడు ఎంత చవకగా ఇస్తానన్నా వద్దు. స్థానికులకి వాటా అందే చోట గొర్రెల కాపరులే దొంగవేటగాళ్ళని పట్టిస్తారు, మందలు పెరుగుతాయి. అందని చోట ఐబెక్స్ వాళ్ళ గొర్రెల గడ్డి తినే జంతువు మాత్రమే.

ఇక్కడ సొంతంగా వేటాడే వీలు లేదు. నిర్వాహకుడు, గైడ్ తప్పనిసరి. ప్రయాణం రోడ్డు ఉన్నంతవరకు జీపులో, ఆపైన గుర్రం మీద. గుర్రాలు చిన్నవే గానీ మహా గట్టివి, అంచుల మీద మనకంటే బాగా అడుగేస్తాయి. ఇబ్బందంతా ఎక్కేవాడితోనే. జీవితంలో గుర్రం ఎక్కనివాడు మొదటిరోజే ఆరేడు గంటలు జీను మీద కూర్చుంటే రెండోరోజు నడవడమే కష్టం. వెళ్ళే ముందు మీ ఊళ్ళో గుర్రపు స్వారీ నేర్పే చోట కొన్ని వారాలు ఎక్కి దిగండి. చిన్నపనిలా కనిపిస్తుంది గానీ, ఈ దేశానికి సంబంధించి నేను చెప్పే సలహాల్లో దీనికే ఎక్కువ విలువ.

ఎత్తు సంగతి. 3,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. తలనొప్పి, వాంతి వస్తున్నట్టుండటం, నిద్ర పట్టకపోవడం మామూలు లక్షణాలు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది పర్వతారోహకులు పాటించే నియమం. వేట ప్యాకేజీల్లో ఈ నియమాన్ని పట్టించుకోనివాళ్ళే ఎక్కువ, మొదటిరోజే బిష్కెక్ నుంచి నేరుగా క్యాంపుకి తీసుకుపోతారు. నరీన్ లాంటి చోట, 2,000 మీటర్ల దగ్గర, ఒకటి రెండు రాత్రులు ఉండేలా ముందే మాట్లాడుకోండి. ఎత్తు జబ్బుకి వాడే డయమాక్స్ మాత్ర గురించి డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. పడుకుని ఉన్నా ఆయాసం రావడం, అడుగులు తడబడటం, మాట తికమకగా రావడం ప్రమాద సంకేతాలు. ఆ పరిస్థితిలో వేట సంగతి వదిలేసి వెంటనే కిందికి దిగాలి. మందులు దిగడానికి సాయం చేస్తాయే తప్ప దిగాల్సిన అవసరాన్ని తప్పించవు.

తిండి వేళకి దొరుకుతుంది: గొర్రె మాంసం, రొట్టె, నూడుల్స్, లెక్కలేనన్ని కప్పుల టీ. కారం ఉండదు. ఒక డబ్బా కారప్పొడి తీసుకెళ్తే క్యాంపులో అందరూ మీ పక్కనే కూర్చుంటారు. నవంబర్‌లో రాత్రిళ్ళు మైనస్ 20 దాకా పడిపోతుంది, కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళు సెప్టెంబర్, అక్టోబర్ ఎంచుకోవడం మేలు. మంచు పడ్డాక ఐబెక్స్ కిందికి దిగుతాయి, వేట తేలికవుతుంది అని నవంబర్‌కే మొగ్గుచూపేవాళ్ళున్నారు. నిజమే, కానీ ఆ చలిలో చేతులు పనిచేయాలి, ట్రిగ్గర్ మీద వేలు ఆడాలి. అనుభవం లేనివాళ్ళకి అది లాభసాటి బేరం కాదు.

స్పెయిన్: తక్కువ కష్టం, ఎక్కువ పద్ధతి

స్పెయిన్‌లో కొండమేక నాలుగు ప్రాంతాల పేర్ల మీద నడుస్తుంది: గ్రేదోస్, బెసెయ్తే, రోందా, ఆగ్నేయ కొండలు. వేటగాళ్ళు నాలుగింటినీ వేరువేరుగా లెక్కపెట్టుకుంటారు, శాస్త్రం మాత్రం అన్ని రకాలుగా విడదీయదు. ఈ జాతికి మంచీ చెడూ రెండు రకాల చరిత్రా ఉంది. పిరెనీస్ కొండల్లో ఉండే ఉపజాతిలో చివరి ఆడది 2000 సంవత్సరంలో చనిపోయింది. 2003లో దాని కణాలతో క్లోనింగ్ చేస్తే పుట్టిన పిల్ల నిమిషాల్లోనే పోయింది. గ్రేదోస్‌లో కథ వేరు. 1905లో, అక్కడ కొన్ని మేకలే మిగిలిన రోజుల్లో, రాజు పదమూడో అల్ఫాన్సో ఆ కొండల్ని రాజవేట ప్రాంతంగా ప్రకటించి కాపలా పెట్టించాడు. కాపలాకి అంతకుముందు దొంగవేట చేసేవాళ్ళనే పెట్టుకున్నారని చెబుతారు. ఇప్పుడు దేశం మొత్తం మీద ఈ మేకలు 50,000 పైమాటే.

ప్రయోజనాలు చూస్తే మ్యాడ్రిడ్‌లో దిగి కారులో కొన్ని గంటల్లో గ్రేదోస్ చేరుకోవచ్చు. రాత్రికి హోటల్ గది, వేడి నీళ్ళు ఉంటాయి. గ్రేదోస్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం 2,592 మీటర్లు, వేట అంతకంటే కిందే జరుగుతుంది. రోందా వైపు ఇంకా తక్కువ ఎత్తు. భార్యాభర్తలు కలిసి వెళ్ళి ఒకరు వేటకి, ఒకరు ఊళ్ళు చూడటానికి వెళ్ళగలిగేది ఈ మూడింటిలో ఇక్కడే. ఎదకాలం నవంబర్, డిసెంబర్.

నాకు నచ్చనిది ధర పద్ధతి. కొమ్ముల కొలతని బట్టి కంచు, వెండి, బంగారు పతకం అంటూ రేటు పెరుగుతుంది. దూరం నుంచి గైడ్ "ఇది వెండి" అని కాల్చమంటే, కొలిచాక బంగారమై బిల్లు మారిపోవచ్చు. తేడా వస్తే ఎవరు భరించాలో కాగితం మీద రాయించుకోకుండా అడ్వాన్సు కట్టొద్దు. గాయపడి దొరకని జంతువుకి కూడా డబ్బు కట్టాలి. ఆ నియమం న్యాయమైనదే, ప్రపంచంలో ఎక్కడైనా దాదాపు అంతే.

ఇంకా పైకి ఆశపడేవాళ్ళకి

తజికిస్తాన్ పామీర్ పర్వతాల్లో మార్కోపోలో గొర్రె అనే పెద్ద కొమ్ముల అడవిగొర్రె ఉంది. 4,000 మీటర్ల పైన వేట, ఖర్చు పదుల వేల డాలర్లు. అమెరికాకి కొమ్ములు తేవాలంటే ముందే వన్యప్రాణి శాఖ నుంచి దిగుమతి అనుమతి కావాలి. మొదటి కొండ వేటకి దీన్ని ఎంచుకోవడం తెలివైన పని కాదు. పాకిస్తాన్‌లోని మార్ఖోర్ అనే మెలికల కొమ్ముల అడవిమేక సంగతి వినే ఉంటారు. ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టే పర్మిట్లు ఇచ్చి, వచ్చిన డబ్బులో 80 శాతం ఊరి సంఘాలకి ఇవ్వడం వల్ల అంతరించిపోతున్న ఆ జాతి కోలుకుంది. వేటతో వన్యప్రాణి రక్షణ ఎలా సాధ్యమో చెప్పడానికి దానికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. భారత పాస్‌పోర్టుతో అక్కడికి వెళ్ళడం మాత్రం జరిగే పని కాదు.

సొంత రైఫిలా, అక్కడి రైఫిలా

అలవాటైన రైఫిల్ చేతిలో ఉంటే ధైర్యం వేరు. కానీ మూడు దేశాలకీ సమాధానం ఒకటి కాదు. న్యూజిలాండ్‌కి తీసుకెళ్ళడం తేలిక. విజిటర్ లైసెన్సుకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి, మీ దేశంలో తుపాకీ కలిగి ఉండే హక్కుకి ఆధారం చూపాలి. రెండు నెలలు ముందు మొదలుపెడితే టెన్షన్ ఉండదు. 2019 క్రైస్ట్‌చర్చ్ దాడి తర్వాత సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళని చాలావరకు నిషేధించారు, ప్రతి తూటాకీ చేత్తో గడియ లాగే బోల్ట్ యాక్షన్ రైఫిల్ తీసుకెళ్ళడం మేలు. లైసెన్సు తీసుకోకుండా కూడా, లైసెన్సున్న గైడ్ పక్కనే ఉండగా అతని రైఫిల్ వాడవచ్చు. స్పెయిన్‌కి యూరప్ బయటి నుంచి వెళ్ళేవాళ్ళకి కాన్సులేట్ కాగితాల పని ఎక్కువ, అక్కడిది అద్దెకు తీసుకోవడమే నయం. కిర్గిజ్‌స్తాన్‌లో దొరికే రైఫిల్ ఎలా ఉంటుందో చెప్పలేం, దూరం కూడా ఎక్కువ, కాబట్టి అక్కడికి సొంతదే తీసుకెళ్ళమంటాను. మధ్యలో విమానం మారే దేశం నిబంధనలు కూడా చూసుకోవాలి. ఒక్క స్టాప్ ఎక్కువైతే ఒక దేశం కాగితాలు ఎక్కువ.

అమెరికాలో ఉండేవాళ్ళు బయల్దేరే ముందే కస్టమ్స్ ఆఫీసుకి రైఫిల్ తీసుకెళ్ళి 4457 ఫారం మీద ముద్ర వేయించుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు అది మీదేనని చెప్పేది ఆ కాగితమే, కొన్ని దేశాలు లోపలికి వచ్చేటప్పుడు కూడా అడుగుతాయి. తూటాలు చాలా విమాన సంస్థల్లో 5 కిలోల లోపు, చెక్ఇన్ లగేజీలోనే.

క్యాలిబర్ (తూటా సైజు) గురించి గంటలు గంటలు వాదించుకోవడం అనవసరం. .270, .308, 6.5 క్రీడ్‌మూర్, 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్, వీటిలో మీకు ఏది బాగా అలవాటైతే అది చాలు. తహర్ పోతు చాలా గట్టి ప్రాణి, కాబట్టి మంచి నిర్మాణం ఉన్న బుల్లెట్ ఎంచుకోండి. ఎక్కడికి వెళ్ళినా చేరిన రోజే గురి సరిచూసుకోండి. విమానంలో సామాను విసిరేసే తీరుకి స్కోప్ కదలకుండా ఉంటుందని నమ్మలేం.

ఒళ్ళు సిద్ధం చేసుకోవడం

ఆరు నెలలు కావాలి, అంతకంటే తక్కువైతే వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి. డాలస్, హ్యూస్టన్ లాంటి చదునైన ఊళ్ళలో ఉండేవాళ్ళు కొండలు లేవని ఊరుకోవద్దు. పార్కింగ్ గ్యారేజీ మెట్లు ఉన్నాయి, జిమ్‌లో మెట్ల మెషీన్ ఉంది. వీపు మీద 8 కిలోలతో మొదలుపెట్టి నెమ్మదిగా 18 దాకా పెంచండి. వారాంతంలో ఒకరోజు నాలుగైదు గంటలు ఆగకుండా నడవాలి, అదీ కొండకి వేసుకెళ్ళే బూట్లతోనే. కొత్త బూట్లతో కొండెక్కినవాళ్ళ వేట బొబ్బలతోనే ముగుస్తుంది.

ఎక్కడానికి సిద్ధమైనవాళ్ళు కూడా దిగడం మర్చిపోతారు. మాంసం, కొమ్ములు మోసుకుంటూ చీకట్లో దిగేటప్పుడు భారం మొత్తం తొడల మీద, మోకాళ్ళ మీద పడుతుంది. మెట్లు దిగే సాధన, ఒంటికాలి మీద కూర్చుని లేచే వ్యాయామాలు తప్పనిసరి. రెండు ట్రెక్కింగ్ కర్రలు కొనుక్కోండి. నలభై దాటినవాళ్ళు గుండె పరీక్ష చేయించుకున్నాకే అడ్వాన్సు కట్టాలి. బీపీ, షుగర్ మన ఇళ్ళలో ఎంత మామూలో తెలిసిందే. చలికి ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

దేశాన్ని బట్టి సామాను కూడా మారుతుంది. న్యూజిలాండ్‌కి వాన కోటు మీద డబ్బు పెట్టండి, చలికాలమైతే బూట్లకి తొడిగే ఇనుప ముళ్ళ పట్టీలు కూడా కావాలి. కిర్గిజ్‌స్తాన్‌కి స్లీపింగ్ బ్యాగ్ మీద, చేతి తొడుగుల మీద పెట్టండి. స్పెయిన్‌కి మంచి బూట్లు, గాలి ఆపే జాకెట్ ఉంటే సరిపోతుంది. మూడు చోట్లా నూలు బట్టలు వద్దు, తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. కొండ వేటలో రోజులో ఎక్కువ భాగం కూర్చుని కొండవాలుల్ని కళ్ళతో వెతకడమే కాబట్టి 10 బై 42 బైనాక్యులర్ (పది రెట్లు దగ్గరగా చూపేది) మంచిది కొనండి. రైఫిల్‌కి పెట్టే డబ్బులో కొంత తగ్గించి అయినా సరే.

గురి, దూరం

వాలు మీద పైకి కాల్చినా కిందికి కాల్చినా బుల్లెట్ అనుకున్న చోటికంటే పైన తగులుతుంది. లెక్కలోకి వచ్చేది వాలు దూరం కాదు, అడ్డంగా కొలిచే దూరం. 30 డిగ్రీల వాలు మీద 300 మీటర్లు చూపిస్తే 260 మీటర్లకి గురిపెట్టినట్టు పెట్టాలి. కోణంతో సహా దూరాన్ని లెక్కకట్టే రేంజ్‌ఫైండర్లు దొరుకుతాయి, ఒకటి కొనుక్కోండి. ఎత్తున గాలి పలచన కాబట్టి బుల్లెట్ తక్కువ దిగుతుంది, అది కూడా కలుస్తుంది. కిర్గిజ్‌స్తాన్‌లో గైడ్లు 400, 500 మీటర్లకి కాల్చమంటారు. మీ ఊరి రేంజ్‌లో, ఆయాసపడుతూ, బ్యాగ్ మీద ఆనించి ఎంత దూరంలో ప్రతిసారీ పళ్ళెమంత గుండ్రంలో కొట్టగలరో అదే మీ హద్దు. గైడ్ ఎంత తొందరపెట్టినా ఆ హద్దు దాటొద్దు.

కాల్చే ముందు ఇంకొకటి చూడాలి. అది పడితే ఎక్కడికి దొర్లుతుంది? చేరుకోలేని చరియ అంచున నిలబడ్డ పోతుని కాలిస్తే మాంసమూ దక్కదు, కొమ్ములూ ముక్కలవుతాయి, దిగబోయినవాడి ప్రాణానికే ముప్పు. అది చదునైన చోటికి కదిలేదాకా ఆగాలి. కదలకపోతే వదిలేసి రావాలి.

కొమ్ములు, మాంసం, ఇంటిదారి

అమెరికాకి తెచ్చేవాళ్ళు వన్యప్రాణి శాఖకి 3-177 ఫారం (తెచ్చిన వస్తువుల ప్రకటన) ఇవ్వాలి. ఎముకలు, కొమ్ములు మాంసం అంటకుండా ఉడికించి శుభ్రం చేయాలి, తోళ్ళకి అధికారులు ఒప్పుకున్న శుద్ధి జరగాలి. ఇవన్నీ నిర్వాహకుడు మాట్లాడిపెట్టే షిప్పింగ్ ఏజెంటుకి అప్పగిస్తే నెలలు పడుతుంది, ఖర్చు వేట ఖర్చులో గణనీయమైన భాగమే ఉంటుంది. ఫొటోతో తృప్తిపడి కొమ్ములు గైడ్‌కే వదిలేసి వచ్చేవాళ్ళు తెలివైనవాళ్ళని నా అభిప్రాయం. మాంసం విదేశం నుంచి తేలేరు, కాబట్టి ఉన్న రోజుల్లో తినండి, మిగిలింది ఎవరికి వెళ్తుందో అడిగి తెలుసుకోండి.

న్యూజిలాండ్‌లో దిగేటప్పుడు వాడిన బూట్లు, టెంటు, తిండి సామాను అన్నీ డిక్లేర్ చేయాలి. బూట్ల అడుగున మట్టి ఉండకూడదు. చెప్పకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. అమ్మ పెట్టిన ఆవకాయ సీసా అయినా సరే ఫారంలో రాయాల్సిందే.

ఇన్సూరెన్స్ పాలసీలో రెండు మాటలు వెతకండి: ఎత్తు పరిమితి, వేట మినహాయింపు. చాలా పాలసీలు ఈ రెండింటి దగ్గరే చేతులెత్తేస్తాయి. న్యూజిలాండ్‌లో ప్రమాదవశాత్తు దెబ్బ తగిలితే సందర్శకులకి కూడా ప్రభుత్వ పథకం కింద వైద్యం అందుతుంది, ఇంటికి చేర్చే ఖర్చు మాత్రం ఇవ్వదు. కిర్గిజ్‌స్తాన్‌కి హెలికాప్టర్ తరలింపు ఉన్న పాలసీ లేకుండా వెళ్ళొద్దు.

చివరిగా, తిరుగు ప్రయాణంలో ఇండియాలో దిగి అమ్మానాన్నల్ని చూసి వెళ్దాం అనుకునేవాళ్ళకి. రైఫిల్‌తో ఇండియా మీదుగా రావద్దు. కొమ్ములు, తోళ్ళు అసలే తేవద్దు. కొండల్లో ప్రాణరక్షణకి పెట్టుకునే శాటిలైట్ మెసేంజర్లు, శాటిలైట్ ఫోన్లు ఇండియాలో అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం. గార్మిన్ ఇన్‌రీచ్ అనే శాటిలైట్ మెసేంజర్‌తో వచ్చిన విదేశీయుల్ని విమానాశ్రయాల్లో పట్టుకున్న సందర్భాలున్నాయి. అన్నిటికంటే ముఖ్యం బ్యాగు. వేటకి వాడిన బ్యాగు, జాకెట్ జేబులు, రైఫిల్ కవర్ అర, బెల్టు పర్సు అన్నీ బోర్లించి, కుట్ల లోపల వేళ్ళు పెట్టి వెతకండి. మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా ఆయుధ చట్టం కింద కేసు పెట్టవచ్చు. వీలుంటే ఇండియా ప్రయాణానికి వేరే బ్యాగు వాడండి, వేట బ్యాగుని ముందే ఇంటికి పంపేయండి.